వైపర్ రబ్బర్లు

రాయగడ స్టేషన్ బయట నా షెడ్డు.
బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు,
మధ్యలో కారు బొమ్మ, రెండూ రానివాళ్ళ కోసం.
మా బావమరిది వేశాడు. చక్రాలు మూడే.

డిసెంబరు పొద్దున ఒకావిడ వచ్చి ఆ బొమ్మ మీద వేలు పెట్టింది.
ఆంట్యే అట పేరు, జర్మనీ.
రెండుసార్లు నోరు తిప్పి, మూడోసారి అంటమ్మ అనేశాను.

డ్రైవరు దండాసికి చలిజ్వరం, మంచం దిగడం లేదు.
నేనే నడుపుతానని
బూడిదరంగు పుస్తకం తీసింది,
అన్ని దేశాల్లోనూ చెల్లే లైసెన్సట.
అన్ని దేశాల్లోనూ చెల్లేది ఒకటుందని
అప్పుడే తెలిసింది నాకు.

కాగితం ఒడియాలో.
సంతకం ఆవిడది వాళ్ళ అక్షరాల్లో, నాది తెలుగులో.
మూడు లిపుల్లో ఒకరినొకరం నమ్మలేదు.
హామీగా ఏదైనా పెట్టమన్నాను.
పాస్‌పోర్టు ఇవ్వనంది. మంచిదే, దాన్ని దాచడానికి నాకూ భయమే.
చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టింది.
పట్టీ ఉన్నచోట తెల్లటి చర్మం,
ఇంకో గడియారం కట్టుకున్నట్టే ఉంది.

తరవాత కారు చుట్టూ తిరగడం.
వాళ్ళ దగ్గర పాత గీతలన్నీ ముందే ఫోటో తీసుకుంటారట,
తిరిగిచ్చేప్పుడు గొడవ లేకుండా.
తీసుకోమ్మా అన్నాను. తీసింది, తీస్తూనే ఉంది.
ముందు బంపరు: గుణుపురం దారిలో అడవిపంది.
ఎడమ తలుపు: సాలూరు పెళ్ళివారి డోలు.
వెనక దీపం: ఎవరో చెప్పలేదు, నేనూ అడగలేదు.
బానెట్ మీద సొట్ట మా ఆవిడది.
నిండు నెలలు, ఆస్పత్రికి బయల్దేరుతూ
ఆయాసమొచ్చి ఒక్క నిమిషం ఆనుకుని కూర్చుంది.
బాగుచేయించలేదు.
ఇదంతా ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలీక
"వైఫ్" అన్నాను.
ఫోటో తీయకుండా ఫోను దించేసింది.

బండి కదిలింది. సందు చివర కుడికి తిరగాలి.
వైపర్లు లేచాయి.
వాళ్ళ బళ్ళలో స్టీరింగు అటుపక్క,
సిగ్నలు మీట ఉండే చోట మనకి వాన మీట.
ఎండలో, పొడి అద్దం మీద, కిర్రు కిర్రుమని
లేని వానని రెండుసార్లు తుడిచి
కుడికి తిరిగిపోయింది.

మూడు రోజులు నా సొరుగులో
వాళ్ళ ఊరి టైము నడిచింది.
నేను రాత్రి షట్టరు దించే వేళకి
అందులో ఇంకా సాయంత్రం కాలేదు.
నాలుగున్నర గంటల దూరం,
అగరొత్తుల డబ్బా పక్కన.
ఒకసారి చెవి దగ్గర పెట్టుకున్నాను, ఊరికే.

నాలుగో రోజు వలిసె పూల పుప్పొడితో
పసుపు పూసుకుని వచ్చింది కారు.
"మీ రాష్ట్రం ఎక్కడ అయిపోయిందో తెలీలేదు" అంది.
కొటియా కొండల్లో ఒకే ఊళ్ళో
ఇద్దరు ప్రభుత్వాల బోర్డులట,
ఒకామె చోడి అంబలి పోసిందట.
"ఆమెది ఎటువైపు?"

నేనేం చెప్పను.
లెక్క ఒడియాలో కడతాను, తిట్టు తెలుగులో వస్తుంది.
పార్వతీపురం వెళ్తే ఒరియా నాయుణ్ణి,
ఇక్కడ తెలెంగా నాయుణ్ణి.
"కడుపు నిండిందా?" అన్నాను.
నిండిందంది.

కుడి తలుపు మీద కొత్త గీత, బెత్తెడు.
నా కంట పడకముందే తనే చూపించింది.
"మేక" అంది, తెలుగులో. ఎవరు నేర్పారో.
మూడొందలు తీసుకున్నాను.
వద్దనాల్సింది. అనలేదు.
గడియారం కట్టుకుని, తెల్లచర్మం దాచుకుని
మధ్యాహ్నం బండికి వెళ్ళిపోయింది.

జనవరిలో, చుక్క వాన లేని నెలలో,
వైపర్ రబ్బర్లు మార్పించాను.
రెండొందల నలభై.
మెకానిక్కు సుదాము అరిగిన ముక్కని
వేలికి చుట్టుకుని నా మొహం చూశాడు.
"ఎక్కడ పడింది భాయ్, వాన?"

మలుపుల దగ్గర, అన్నాను.